45 రోజుల క్యారియర్

మా చిన్నాన్న నేవీలో వంటవాడు. అందులో కొన్నేళ్లు విమాన వాహక నౌకలో పనిచేశాడు. అంత పొడుగు పేరు ఎవరు పలుకుతారు, ఇంట్లో అందరం క్యారియర్ అనేవాళ్లం. మా నాయనమ్మకి మాత్రం క్యారియర్ అంటే మా తాతయ్య షిప్‌యార్డ్ డ్యూటీకి పట్టుకెళ్లే నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియరే. "చిన్నాడు క్యారియర్లో ఉన్నాడమ్మా" అని ఎవరైనా చెప్తే, "ఉంటే ఉన్నాడు, అందులో అన్నం ఉందో లేదో కనుక్కోండి" అనేది. తర్వాత్తర్వాత ఆ ఓడల గురించి చదువుతూ, చిన్నాన్నని కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తూ వచ్చాక, అడగాల్సింది ఆవిడే అడిగిందని నాకు గట్టిగా అనిపించింది.

విశాఖలో నేవీ కొత్త విషయం కాదు. మల్కాపురం, సింధియా, గాజువాక వైపు ఏ వీధిలో చూసినా డాక్‌యార్డ్‌లోనో ఓడ మీదో పనిచేసినవాళ్లు ఒకరుంటారు. డిసెంబర్ 4న నేవీ డే అంటే ఊరు ఊరంతా ఆర్కే బీచ్‌లోనే ఉండేది. విమానం ఎంత వేగంగా పోతుంది, ఓడ ఎంత పొడుగు, ఎన్ని హెలికాప్టర్లు, ఇవన్నీ చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. అందులో ఉన్న వందలాది మంది పొద్దున్న లేచి ఏం తింటారు, ఆ తిండి ఎక్కడినుంచి వస్తుంది, ఎన్నాళ్లు వస్తుంది అన్నది మాత్రం పెద్దగా ఎవరూ మాట్లాడరు. తెలిసినంతవరకు నేను మాట్లాడతాను.

2013 నవంబర్ 16న ఐఎన్‌ఎస్ విక్రమాదిత్య మన నౌకాదళంలో చేరినప్పుడు బయటికొచ్చిన వివరాల్లో ఒక లెక్క ఉంది. అందులో ఉండేది 1,600 మందికి పైగా. నెలకి వాళ్లకి కావలసింది దాదాపు లక్ష కోడిగుడ్లు, 20,000 లీటర్ల పాలు, 16 టన్నుల బియ్యం. సరుకంతా నింపుకుని బయల్దేరితే దాదాపు 45 రోజులు సముద్రంలోనే ఉండిపోగలదు. ఈ అంకెలు చదివి అబ్బో అనుకుని వదిలేస్తాం గానీ, మనిషికింత అని భాగిస్తే మామూలు ఇంటి లెక్కే తేలుతుంది. లక్ష గుడ్లు అంటే తలకి రోజుకి రెండు. పాలు 400 మిల్లీలీటర్లకి కాస్త ఎక్కువ, అంటే టీలు, ఒక గిన్నెడు పెరుగు. బియ్యం 330 గ్రాములు. చపాతీ తినేవాళ్లని కలిపి సగటు వేస్తే అంత వచ్చింది, మన శ్రీకాకుళం కుర్రాళ్లని మాత్రమే లెక్కేస్తే అది సరిపోదని చిన్నాన్న ఇప్పటికీ అంటాడు. కాబట్టి వాళ్లు తినేది రాక్షస భోజనం ఏమీ కాదు, మన ఇంట్లో తినేదే. ఆ ఇంటి తిండిని 1,600 మందికి, దగ్గర్లో ఒక్క కొట్టు కూడా లేనిచోట, రోజూ వేళకి పెట్టాలి. కష్టమంతా అక్కడుంది.

ఇప్పుడు ఆ 45 రోజుల సంగతి. అందరూ దాన్ని ఒకే గడువు అనుకుంటారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నిజానికి ఓడకి ఒకటి కాదు, మూడు గడువులుంటాయి.

మొదటిది ఇంధనం. విక్రమాదిత్య నింపుకున్న ఇంధనంతో 7,000 నాటికల్ మైళ్లకి పైగా తిరగగలదని చెప్పారు. గంటకి 18 మైళ్ల చొప్పున ఆపకుండా నడిపితే అది 16 రోజులకి అటూ ఇటూ. విమానాలు ఎగరేసే రోజుల్లో ఇంకా వేగంగా వెళ్లాలి కాబట్టి ఇంకా ముందే ఖర్చవుతుంది. మరి 45 రోజులు ఎలా? నడిసముద్రంలో ట్యాంకర్ ఓడ పక్కకొస్తుంది. మన తూర్పు నౌకాదళంలో ఐఎన్‌ఎస్ జ్యోతి, ఐఎన్‌ఎస్ శక్తి చేసే పని అదే. రెండు ఓడలూ పక్కపక్కనే, ఆగకుండా, ఒకే వేగంతో, కొన్ని పదుల మీటర్ల దూరంలో గంటల తరబడి నడుస్తాయి. మధ్యలో తాళ్లు, ఆ తాళ్లకి వేలాడే గొట్టాలు, వాటిలోంచి ఇంధనం. అదే తాళ్ల మీద మూటలూ వస్తాయి, హెలికాప్టర్ కూడా వలలో కట్టి సరుకులు తెచ్చి దించుతుంది. అలా వచ్చిన మూటలో టపాల సంచి ఉందా, కూరగాయలున్నాయా అని చూడ్డానికి డ్యూటీ లేనివాళ్లు కూడా పైకి వచ్చేసేవారట.

రెండో గడువు ఎండు సరుకు. బియ్యం, గోధుమపిండి, పప్పులు, నూనె, పంచదార, పాలపొడి, డబ్బాల్లో వచ్చేవి. ఆ 45 రోజులు నిజంగా వీటి గడువే. ఇది నిదానంగా తరుగుతుంది, ఎవరినీ కంగారు పెట్టదు.

మూడోది పచ్చి సరుకు. ఇదే అన్నిటికన్నా చిన్నది, వంటవాడికి నిద్ర పట్టనివ్వనిదీ ఇదే. చిన్నాన్న రిటైరై ఇన్నేళ్లయినా రైతు బజారుకి వెళ్తే తోటకూర కట్టని తిరగేసి వేళ్ల దగ్గర వేలితో నొక్కి చూసి, "ఇది రెండో రోజు" అంటాడు. అమ్మే ఆవిడకి కోపం వచ్చినా సరే. ఆయన దృష్టిలో కూరగాయకి ధర కన్నా ముందు రోజు ఉంటుంది. ఓడ బయల్దేరాక మొదటి మూడు నాలుగు రోజులు ఆకుకూరలు, కొత్తిమీర, బాగా పండిన టమాటాలు. తర్వాత బెండ, వంకాయ, బీన్స్. పది రోజులు దాటాక క్యాబేజీ, క్యారట్, బీట్‌రూట్. ఆ పైన గుమ్మడికాయ, బంగాళాదుంప, ఉల్లి. అవి కూడా అడుగంటాయంటే ఇక శనగలు, రాజ్మా, ఎండు బటానీలు, డబ్బా కూరలు. చల్లగది ఉంటుంది నిజమే, మాంసానికి గడ్డకట్టించే గది, కూరలకి వేరే గది. కానీ చల్లగది కుళ్లుని ఆపదు, కొంచెం వెనక్కి నెడుతుంది అంతే. పైగా అందులో దేని పక్కన ఏది పెట్టాలో తెలియాలి. పండుతున్న పళ్ల నుంచి వచ్చే వాయువు తగిలితే ఆకుకూర రంగు మారిపోతుంది, యాపిల్ పెట్టెలు కొత్తిమీర పక్కన పెట్టిన కుర్రాడికి ఆ రోజు మూడినట్టే. ఉల్లి, దుంపలకి చల్లదనం కన్నా గాలి కావాలి. బయట హోటల్లో మెనూ రాసేటప్పుడు ఏది రుచిగా ఉంటుందని చూస్తారు, ఓడలో మెనూ రాసేటప్పుడు ఏది ముందు పాడవుతుందని చూస్తారు.

ఈ సరుకంతా ఓడలోకి ఎక్కించడమే పెద్ద పని. విశాఖలో నేవీకి బేస్ విక్చువలింగ్ యార్డ్ అని ఒకటుంది, ఓడల తిండి సరుకు అక్కడ చేరి అక్కణ్ణుంచి వెళ్తుంది. నెలకి 16 టన్నుల బియ్యం అంటే 25 కిలోల బస్తాలు 640. లక్ష గుడ్లు అంటే 30 గుడ్ల అట్టలు మూడు వేల మూడొందలకి పైనే. ఓడలో మెట్లు నిటారుగా ఉంటాయి, తలుపులు గడప మీద గడప, వాటిల్లోంచి ట్రాలీ నడవదు. అందుకని "క్లియర్ లోవర్ డెక్" అని పైపు వేస్తారు. పైపు అంటే ఓడలో మైకు కేక, పూర్వం సన్నటి ఈల ఊది చెప్పేవారు కాబట్టి ఆ పేరు నిలిచింది. అది వినపడితే చేతిలో పని ఉన్నా లేకపోయినా అందరూ రావాలి. రేవు నుంచి కింది గదుల దాకా మనుషుల వరస కట్టి బస్తా చేతిలోంచి చేతిలోకి పోతుంది. రాడార్ ముందు కూర్చునేవాడూ, ఇంజన్ రూమువాడూ, వంటవాడూ అందరూ ఒకే వరసలో. గుడ్ల అట్టలు వచ్చేటప్పుడు మాత్రం ఎవరూ మాట్లాడేవారు కాదని చిన్నాన్న చెప్తాడు.

ఓడలో వంటగదిని గ్యాలీ అంటారు. అందులో మంట ఉండదు. ఇది చాలామందికి తెలియదు. కింద విమాన ఇంధనం, మరోచోట బాంబులు, మందుగుండు ఉన్న ఓడలో గ్యాస్ సిలిండర్ పెట్టి పొయ్యి వెలిగించడం కుదరదు కదా. అంతా కరెంటు, లేదా ఆవిరి. ఆవిరితో నడిచే పాత ఓడల్లో బాయిలర్ ఆవిరినే ఒత్తిడి తగ్గించి గ్యాలీకి తెచ్చేవారు. రెండు పొరల పెద్ద పాత్రలుంటాయి, మధ్య ఖాళీలో ఆవిరి తిరుగుతుంది, లోపల అన్నమో పప్పో ఉడుకుతుంది. అడుగు మాడదు. ఓడని తోసే బలమే పప్పుని కూడా ఉడికిస్తుందని మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది. ఇక వేడి సంగతి అడగొద్దు. ఐఎన్‌ఎస్ విరాట్‌నే తీసుకోండి, అది పుట్టడం 1959లో బ్రిటిష్ నేవీలో, హెర్మీస్ అనే పేరుతో. అక్కడి చలిని దృష్టిలో పెట్టుకుని కట్టిన ఓడలు మన మే నెలలో అరేబియా సముద్రం మీద తిరిగితే గ్యాలీ ఎలా ఉంటుందో ఊహించుకోండి. చిన్నాన్న మెడ మీద ఎప్పుడూ తడి తువ్వాలు ఉండేదట, ఇప్పటికీ వంటింట్లోకి వెళ్తే అలవాటుగా తువ్వాలు వేసుకుంటాడు.

మంట లేదు, ఆవిరి ఉంది. దీన్నిబట్టే ఏ వంట సులువు, ఏది కష్టం అన్నది తేలిపోతుంది. అన్నం, పప్పు, సాంబారు, ఇడ్లీ ఇవన్నీ ఓడకి సరిపడే వంటలు. ఒకేసారి వందల మందికి అవుతాయి. దోసె అలా కాదు. 1,500 మందికి తలో రెండేస్తే 3,000 దోసెలు, ఒక్కొక్కటీ పెనం మీద విడిగా పొయ్యాలి, గంటన్నరలో టిఫిన్ ముగియాలి. పిండి కూడా మాట వినదు, వేడిగా ఉన్నచోట పెడితే రాత్రికే పొంగి పులిసిపోతుంది, ఏసీ ఉన్నచోట పెడితే పొద్దుటికీ కదలదు. చపాతీ అన్నిటికన్నా పెద్ద పరీక్ష, ఎందుకంటే దోసె లేకపోయినా రోజు గడుస్తుంది, ఉత్తరాది వాళ్లకి చపాతీ లేకపోతే గడవదు. మనిషికి మూడు చొప్పున 4,500. మిషన్లు వచ్చాక చాలా తేలికైంది. అంతకుముందు రోజుల్లో వేరే విభాగాల నుంచి కుర్రాళ్లని కూడా గ్యాలీకి పంపేవారట, పిండి పిసకడానికి, దుంపలు చెక్కు తీయడానికి. ఒకే గ్యాలీలో పక్కపక్కనే చపాతీ, అన్నం, రాజ్మా, సాంబారు. సాంబారులో బెల్లం వేయాలా వద్దా అన్న గొడవ ఏ ఓడలోనూ తీరలేదని ఆయన చెప్తాడు, దాన్ని నేను నమ్ముతాను.

ఇంకో చిక్కుంది. విమానం ఎగరాలన్నా దిగాలన్నా క్యారియర్ గాలికి ఎదురుగా తిరగాలి. డెక్ మీద ఎదురుగాలి ఎంత ఉంటే విమానానికి అంత మేలు. ఆ తిరగడం గ్యాలీలో వంట ఏ దశలో ఉందో చూసి జరగదు. ఇంత పెద్ద ఓడ కూడా వేగంగా మలుపు తీసుకుంటే ఒక పక్కకి ఒరుగుతుంది. అందుకే పాత్రలు నిండా నింపరు, మూతలకి గొళ్లేలుంటాయి, పెనాల చుట్టూ కమ్మీలుంటాయి. సముద్రం బాగాలేని రోజు నూనె బాండీ అస్సలు పెట్టరు. స్టాండ్ ఈజీ అని పొద్దున్న పదింటి ప్రాంతంలో ఒక చిన్న విరామం ఉంటుంది, టీ, దాంతోపాటు పకోడీయో సమోసానో. పకోడీ రావాల్సిన చోట బిస్కెట్ వచ్చిందంటే ఇవాళ సముద్రం ఎలా ఉండబోతోందో అర్థం. చిన్నాన్నకి ఎడమ మోచేతి దగ్గర ఒక మచ్చ ఉంది, వేడి సాంబారుది. దాని గురించి ఎప్పుడూ పెద్దగా చెప్పడు. "ఒరిగింది, నేను పట్టుకోలేదు" అంటాడు అంతే.

విమానాలు ఎగిరే రోజుల్లో భోజనం పళ్లెంలో దొరకదు. ఫ్లయింగ్ స్టేషన్స్ అని పైపు పడితే ఎవరి చోటికి వాళ్లు వెళ్లిపోవాలి, గంటలు గంటలు అక్కడే ఉండాలి. అప్పుడు తిండే వాళ్ల దగ్గరికి వెళ్తుంది, పూరీ, ఎండు బంగాళాదుంప కూర, ఉడికించిన గుడ్డు, చేత్తో పట్టుకుని తినేవి. కానీ విమానాలు నిలిచే పైడెక్ మీద మాత్రం తినకూడదు. చిన్న కాగితం ముక్కయినా, రేకు పొట్లమైనా ఇంజన్ లోపలికి పీల్చుకుపోతే ఇంజన్ పాడవుతుంది, మనిషి ప్రాణం పోవచ్చు. విమానాలు కదలకముందు కుర్రాళ్లంతా ఒక వరసగా, తల వంచుకుని, డెక్ ఈ చివర నుంచి ఆ చివరకి నడుస్తూ చిన్న మేకు, దారప్పోగు కూడా ఏరేస్తారు. మనం ఇంటి ముందు కళ్లాపి చల్లేముందు ఊడ్చినంత శ్రద్ధగా.

నీళ్ల విషయం కూడా అందరూ పొరపాటుగా అనుకుంటారు. సముద్రం మీద ఉన్నారు, ఉప్పు తీసేస్తే ఎన్ని నీళ్లు కావాలంటే అన్ని అని. విక్రమాదిత్యలో రోజుకి 400 టన్నుల మంచినీళ్లు తయారుచేసే ఏర్పాటు ఉంది. తలకి 250 లీటర్లు పడుతుంది, మన ఇంటికన్నా నయం అనిపిస్తుంది. కానీ మనుషులకన్నా ముందు అడిగేవాళ్లున్నారు. ఆవిరి ఓడలో బాయిలర్‌కి పోసేది శుద్ధమైన నీరే కావాలి, ఉప్పు చుక్క పడితే గొట్టాలు తినేస్తుంది. ఉప్పుగాలికి తడిసిన విమానాలని మంచినీటితో కడగాలి. తర్వాత గ్యాలీ, ఆసుపత్రి, బట్టలుతికే చోటు. స్నానం చివర్లో. పాత ఓడల్లో నీళ్లు వదిలే వేళలుండేవి, ఆ పావుగంటలో పూర్తి చేసుకోవాలి. చిన్నాన్న సెలవుకి వచ్చినప్పుడు మా పెరట్లో నూతి దగ్గర బకెట్ మీద బకెట్ పోసుకుంటుంటే నాయనమ్మ దూరంగా నిలబడి చూసేది, నీళ్లు వృథా చేస్తున్నావని ఒక్క మాట అనేది కాదు. మా మీద అరిచినట్టు ఆయన మీద ఎప్పుడూ అరవలేదు.

రోజు ఎలా గడుస్తుందంటే, దాన్ని వాచ్‌లుగా, అంటే డ్యూటీ వంతులుగా విడగొడతారు. ఒక్కో వాచ్ నాలుగు గంటలు. అలా చేస్తే రోజుకి ఆరు అవుతాయి. మనుషులని రెండు జట్లు చేసినా మూడు జట్లు చేసినా ఆరు సరిగ్గా భాగమైపోతుంది, అంటే అర్ధరాత్రి పన్నెండు నుంచి నాలుగు దాకా ఉండే వాచ్ ఎప్పుడూ ఒకే జట్టుకి పడుతుంది. అది అన్యాయం. అందుకని సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్నదాన్ని రెండేసి గంటలుగా రెండు ముక్కలు చేశారు. ఇప్పుడు మొత్తం ఏడు. రెండింటా భాగం కాదు, మూడింటా కాదు, కాబట్టి వంతు రోజూ ఒకటి జరుగుతుంది. ఎప్పుడో తెరచాపల కాలం నాటి ఉపాయం ఇది. దీనివల్ల ఇంకో మేలు, ఆ రెండు ముక్కల మధ్యలో రెండు జట్లూ రాత్రి భోజనం చేసేయొచ్చు. గ్యాలీకి మాత్రం విరామం లేదు. అర్ధరాత్రి వాచ్‌కి వెళ్లేవాడికి టీ కావాలి, నాలుగింటికి దిగినవాడికి ఆకలేస్తుంది. రాత్రంతా బేకరీలో బ్రెడ్ కాలుతుంటుంది. చిన్నాన్నకి ఆ రాత్రి బేకరీ డ్యూటీ అంటే ఇష్టం, గాలిగొట్టాల్లోంచి బ్రెడ్ వాసన పడుకున్నవాళ్ల దాకా పోతుందని, నిద్రలో కూడా వాళ్లకి ఇల్లు గుర్తొస్తుందని.

పడుకునే చోటు గురించి ఎక్కువ చెప్పడానికి లేదు, మూడంతస్తుల బంక్, ఒక చిన్న అలమర, పైన ఉన్నవాడు కదిలితే కిందవాడికి తెలుస్తుంది. కిటికీ ఉండదు. పగలో రాత్రో తెలిసేది దీపాల రంగుని బట్టి, గ్యాలీ వాసనని బట్టి. సాంబారు వాసన వస్తే తెల్లారినట్టు. చికెన్ బిర్యానీ వస్తే ఆదివారం. ఆ చిన్న అలమరలోనే మన తెలుగువాళ్లు స్టీలు డబ్బాలో ఆవకాయ, కందిపొడి, సున్నుండలు దాచుకునేవారు. మాడుగుల హల్వా చాలా రోజులు నిలవుంటుంది కాబట్టి సెలవు నుంచి తిరిగి వెళ్లేవాడు తప్పకుండా పట్టుకెళ్లాలి. ఆవకాయ నూనె కారితే బట్టలన్నీ పోతాయి కాబట్టి మా పిన్ని డబ్బా మూత మీద గుడ్డ కట్టి, దాని మీద ప్లాస్టిక్ కవరు, దాని మీద మళ్లీ గుడ్డ కట్టేది. నెల దాటాక, కూరలన్నీ శనగల్లోకీ డబ్బాల్లోకీ వచ్చేశాక, ఆ డబ్బా విలువ ఎంతో చెప్పలేం. భటిండా నుంచి వచ్చిన ఒక కుర్రాడు చపాతీలో ఆవకాయ చుట్టుకుని తినడం అక్కడే నేర్చుకుని, పెళ్లయ్యాక కూడా మా ఇంటికి ఉత్తరం రాసి అడిగి తెప్పించుకున్నాడు.

ఉత్తరాలంటే గుర్తొచ్చింది. ఓడలో ఉన్నవాడికి ఊరు పేరుతో ఉత్తరం రాయరు. పేరు, ఓడ పేరు, కేరాఫ్ ఫ్లీట్ మెయిల్ ఆఫీస్. అంతే. ఓడ ఎక్కడుందో నౌకాదళానికి తెలుసు, ఉత్తరం అక్కడికి వెళ్తుంది. నాయనమ్మ చెప్తుంటే ఇన్‌ల్యాండ్ కవర్ల మీద రాసింది నేనే. మొదటి వాక్యం ఎప్పుడూ "ఏం తింటున్నావు" అనే. ఉత్తరాలు వరస తప్పి, నాలుగైదు కలిపి ఒకేసారి అందేవని తెలిశాక పైన అంకె వేయడం మొదలుపెట్టాను. చిన్నాన్న ఎక్కడున్నాడో రాయకూడదు, రాసేవాడు కాదు. వంట గురించి మాత్రం రాసేవాడు. ఒకసారి "గుమ్మడికాయలోకి వచ్చాం" అని రాశాడు. మా నాన్న అది చదివి వేళ్ల మీద లెక్కపెట్టి, "అయితే బయల్దేరి రెండు వారాలు దాటింది" అన్నాడు. కూరని బట్టి ఓడ జాడ తెలుసుకోవచ్చని ఆ రోజు మా ఇంట్లో తెలిసింది.

అది మా ఇంటి సంగతే అనుకున్నాను. 1971 యుద్ధంలో ఇదే విశాఖలో ఇదే లెక్కతో శత్రువుని ఏమార్చారని చాలా ఏళ్ల తర్వాత చదివాను.

అప్పట్లో మనకున్న ఒకే ఒక విమాన వాహక నౌక పాత ఐఎన్‌ఎస్ విక్రాంత్, 1961 మార్చి 4న చేరింది. బాయిలర్లలో ఒకటి పగుళ్లిచ్చి వేగం తగ్గిపోయింది, అయినా తూర్పు సముద్రంలో దానిమీదే ఆశ. దాన్ని ముంచడానికి పాకిస్తాన్ తన జలాంతర్గామి ఘాజీని నవంబర్ 14న కరాచీ నుంచి పంపింది. విక్రాంత్‌ని అండమాన్ వైపు ఒక నిర్జన తీరంలో దాచారు. విశాఖ కేంద్రంగా ఉన్న తూర్పు నౌకాదళానికి అప్పుడు అధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్. విక్రాంత్ ఇక్కడే ఉందని శత్రువు నమ్మాలి. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ అనే చిన్న, పాత ఓడ విక్రాంత్‌లా నటించింది, దాని పేరుతో వైర్‌లెస్ సందేశాలు పంపింది. దాంతోపాటు ఇంకో రెండు పనులు చేశారని కృష్ణన్ తర్వాత రాసుకున్నారు. విక్రాంత్ నావికుడొకడు తన తల్లికి ఒంట్లో ఎలా ఉందో అడిగినట్టు ఒక మామూలు టెలిగ్రాం వెళ్లింది. విశాఖ కాంట్రాక్టర్లకి పెద్ద మొత్తంలో సరుకు ఆర్డరిచ్చారు, ముఖ్యంగా మాంసం, తాజా కూరగాయలు.

ఇది చదివినప్పుడు అంత యుద్ధంలో కూరగాయలు ఎందుకని మొదట అర్థం కాలేదు. చిన్నాన్నకి చెప్తే ఒక్క నిమిషంలో విప్పి చెప్పాడు. బియ్యం ఆర్డర్ వల్ల ఏమీ తెలియదు. బియ్యం ఎప్పుడైనా కొంటారు, గోదాములో పెడతారు, నెల తర్వాత వాడతారు. పచ్చికూర, మాంసం అలా కాదు. అవి ఆర్డరిచ్చారంటే తినేవాళ్లు ఇప్పుడు, ఇక్కడే ఉన్నారు, లేదా రేపో ఎల్లుండో వస్తున్నారు. ఎంత ఆర్డరిచ్చారన్నదాన్ని బట్టి ఎంతమందో తెలుస్తుంది. విశాఖ రేవులో అన్ని నోళ్లున్న ఓడ ఇంకేదుంటుంది. గూఢచారికి రేవులోకి వెళ్లాల్సిన పని లేదు, బజార్లో నిలబడితే చాలు. డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక విశాఖ తీరానికి దగ్గర్లో ఘాజీ మునిగిపోయింది. ఎలా మునిగిందన్నదాని మీద మన కథనం, పాకిస్తాన్ కథనం ఇప్పటికీ వేరువేరు. కానీ అది విశాఖ దగ్గరే వెతుకుతూ ఉంది, విక్రాంత్ మాత్రం వందల మైళ్ల అవతల ఉంది. డిసెంబర్ 4న విక్రాంత్ విమానాలు అప్పటి తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్ మీద దాడి చేశాయి.

బీచ్ రోడ్డులో ఐఎన్‌ఎస్ కుర్సురా జలాంతర్గామి 2002 నుంచి మ్యూజియంగా ఉంది, చూడనివాళ్లు విశాఖలో తక్కువ. అందులో వంట చేసే చోటు చూసినప్పుడల్లా అంత ఇరుకులో రోజూ వండిన మనుషులకి దండం పెట్టాలనిపిస్తుంది. క్యారియర్ గ్యాలీని మాత్రం మనం అలా చూడలేం. పాత విక్రాంత్ ముంబైలో కొన్నాళ్లు మ్యూజియంగా ఉంది, 2014లో తుక్కుకి పోయింది. సముద్రం మీద దాదాపు 2,250 రోజులు గడిపిన విరాట్ 2017 మార్చి 6న సేవ ముగించింది. దాన్ని విశాఖ తెచ్చి మ్యూజియంగా, హోటల్‌గా చేద్దామని మన ప్రభుత్వం అనుకుంది, అది కుదరలేదు. 2020లో గుజరాత్‌లో పాత ఓడలని విరగ్గొట్టే అలంగ్ తీరానికి చేరింది, విరగ్గొట్టేశారు. 2016 ఫిబ్రవరిలో అంతర్జాతీయ నౌకా సమీక్షకి ఇక్కడికి వచ్చినప్పుడు బీచ్ నుంచి చూడటమే మాకు చివరిది. ఇనుము పోతే పోయింది, ఆ గ్యాలీ, ఆ రెండు పొరల పాత్రలు ఒక్కటైనా ఇక్కడ ఉండి ఉంటే బాగుండేదని నాకు నిజంగా బాధ.

ఇప్పుడు తిరుగుతున్నవి కొత్త కాలం ఓడలు. 2022 సెప్టెంబర్ 2న చేరిన కొత్త విక్రాంత్‌కి 2,200కి పైగా గదులు, మహిళలకి వేరే క్యాబిన్లు ఉన్నాయి. నడిచేది గ్యాస్ టర్బైన్లతో, ఆ పెద్ద బాయిలర్లు లేవు. విక్రమాదిత్యలో 2017 నుంచి ఏటీఎం కూడా ఉంది. ఇవన్నీ ఫోన్లో చూపిస్తే చిన్నాన్న సంతోషంగా వింటాడు, చపాతీ మిషన్ ఫొటోని వేళ్లతో పెద్దది చేసి మరీ చూస్తాడు.

పోయినసారి నేవీ వాళ్ల విన్యాసాలప్పుడు ఆయన్ని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లాను. చీకటి పడ్డాక దూరంగా ఓడలు వరసగా దీపాలు పెట్టుకుని నిలబడ్డాయి. చుట్టూ జనం ఫోన్లు పైకెత్తి వీడియోలు తీస్తున్నారు. చిన్నాన్న కాసేపు వాటినే చూసి, పక్కనున్న కుర్రాణ్ణి, "ఈ ఓడలు బయటికొచ్చి ఎన్నాళ్లయింది బాబూ" అని అడిగాడు. నాలుగైదు రోజులయుంటుంది అన్నాడు ఆ అబ్బాయి.

"అయితే కొత్తిమీర అయిపోయుంటుంది" అన్నాడు చిన్నాన్న.